పట్టా కడితే అరుపులు, విప్పితే ఆటలు: మా బంటికి ఎలా నేర్పాలి?

సాగరతీరం (విశాఖ)

నమస్కారమండీ. మాది ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు. బంటి పదిహేను నెలల మగ ల్యాబ్రడార్, 31 కిలోలు. ఇంట్లో బంగారం. అత్తయ్యగారు పూజ చేసుకుంటుంటే గడప అవతలే పడుకుంటాడు. బయటికెళ్లి ఎదురుగా ఇంకో కుక్కని చూశాడా, వెనక కాళ్ల మీద లేచి ఒకటే అరుపు. పట్టా నోట కరిచి గుంజుతాడు. మొన్న నా చేతికే పళ్లు తగిలాయి. మా చెల్లి వాళ్ల పెరట్లో పట్టా విప్పితే మాత్రం వాళ్ల కుక్కతో ఎంచక్కా ఆడుకుంటాడు. ఒక ట్రైనర్‌ని పిలిస్తే చోక్ చైన్ (లాగితే మెడకి బిగుసుకునే గొలుసు) వేసి రెండుసార్లు గట్టిగా లాగారు. ఆ పూట ఊరుకున్నాడు. ఇప్పుడు కుక్క ఎంత దూరంలో కనిపించినా గుర్రుమంటున్నాడు. మావారు ఇక బయటికి తీసుకెళ్లొద్దంటున్నారు. ఏం చెయ్యాలి?

నల్లోడి నాన్న (మియాపూర్)

సాగరతీరం గారూ, ముందు ఆ చైన్ తీసేయండి. ఛాతీకి పట్టే హార్నెస్ కొనండి. మీరు రాసినదాన్ని బట్టి బంటిది కోపం కాదు, ఉక్రోషం. అవతలి కుక్క దగ్గరికి పోవాలని ఆరాటం, పట్టా పోనివ్వదు. దానికి తోడు మెడ బిగిసేసరికి 'కుక్క కనిపిస్తే నొప్పి' అని కూడా నేర్చుకున్నట్టున్నాడు.

మా నల్లోడు వీధిలో దొరికిన పిల్ల. వాడితో ఏడు నెలలు పట్టింది. కాలనీ గ్రౌండ్ గేటు దగ్గర నేనూ వాడూ, అవతలి చివర ఎవరిదో కుక్క. అక్కడ మొదలుపెట్టాం. ఎంత దూరమంటే, ఆ కుక్కని చూస్తూ కూడా నా చేతిలో ముక్క నెమ్మదిగా తినగలిగేంత. తినకపోయినా, వేళ్లు కొరికేలా లాక్కున్నా మరీ దగ్గరికొచ్చామని అర్థం. అరవకుండా, తిట్టకుండా వెనక్కి నడిచేవాణ్ని.

వరస తప్పొద్దండీ. ముందు కుక్క కనిపించాలి, ఆ తర్వాతే ముక్క. కుక్క కనుమరుగైందా, ముక్కలు ఆపేయాలి. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు. పది నిమిషాలు చాలు. మూడో వారంలో ఒక ఉదయం కుక్కని చూసి, నేను పిలవకుండానే నా మొహంలోకి చూశాడు. నాకు కళ్లు చెమర్చాయి. అప్పుడు ఐదడుగులు ముందుకు జరిగాం.

దీపావళి టపాకాయలకి మళ్లీ మొదటికొచ్చాడు. బెదిరిపోయిన కుక్కకి ఆ మర్నాడు పాఠం ఎక్కదు. రెండు రోజులు ఇంట్లోనే తువ్వాలులో తిండి చుట్టి వెతుక్కోమన్నాను. వాసన పట్టి వెతుక్కుంటే వాటి మనసు నెమ్మదిస్తుంది.

గోదావరి గట్టు (పశువైద్యశాలలో పనిచేస్తాను)

పై అన్నయ్య చెప్పింది సరైన దారి. నాదొక్క మాట: ఒకసారి డాక్టర్‌కి చూపించండి. ల్యాబ్రడార్లకి చెవుల్లో ఇన్ఫెక్షన్, తుంటి కీళ్ల సమస్య ఎక్కువే. నొప్పి ఉన్న కుక్క ఊరికే చిరాకు పడుతుంది. ఈ వయసు మనుషుల్లో టీనేజి పిల్లాడి లాంటిది, నేర్చుకున్నది కూడా మర్చిపోయినట్టు ఉంటారు. అది మొండితనం అనుకోకండి.

సాగరతీరం

చాలా థాంక్స్ అండీ. చైన్ తీసేశాను. ఒక్క అనుమానం: మా వీధికుక్కలు దూరం ఉండమంటే ఉండవు కదా, అవే మీదికొస్తాయి. అప్పుడెలా?

నల్లోడి నాన్న

మేమూ అదే పడ్డాం. జేబులో విడిగా పిడికెడు బిస్కెట్ ముక్కలు పెట్టుకోండి. అవి ఇంకా దూరంగా ఉండగానే వాటి ముందు చల్లి, బంటితో పక్కకి తిరిగిపోండి. వాటి తిండి గొడవలో అవి ఉంటాయి. రోడ్డు మీద ఆగిన కార్లు, ఆటోలు కూడా అడ్డు పెట్టుకోవచ్చు. ఉదయం ఐదింటికి మీ సందులో ఎన్ని తిరుగుతాయో ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి. లిఫ్ట్‌లో ఎదురుపడే కుక్కలుంటే కొన్నాళ్లు మెట్లే దిగండి.

సాగరతీరం (పన్నెండు రోజుల తర్వాత)

చెవిలో ఇన్ఫెక్షన్ ఉందన్నారు, చుక్కల మందు వేస్తున్నాం. ఈ ఉదయం బీచ్ రోడ్డుకి ఇవతలి ఫుట్‌పాత్ మీద మేము, అవతల ఇసుకలో ఒక గోధుమరంగు కుక్క. బంటి చెవులు నిక్కించాడు, ఒళ్లు బిగించాడు. తర్వాత చికెన్ తిన్నాడు. ఆరు ముక్కలు, నెమ్మదిగా. మావారు రేపు నేనూ వస్తానన్నారు.