ఇంటికి 60 మీటర్ల దూరంలో తోట లైట్లు: 230 వోల్టులా, 24 వోల్టులా, సోలారా?

హొసకోటె వెంకీ
అన్నలకు, అక్కలకు నమస్కారం. బెంగళూరు దగ్గర హొసకోటె అవతల అర ఎకరం ఉంది. ఇంట్లో మెయిన్ బోర్డు నుంచి తోట చివర నీళ్ల తొట్టి దాకా కొలిస్తే 60 మీటర్లు. అమ్మ తెల్లవారుజామున ఐదింటికే అక్కడికి వెళ్లి డ్రిప్ వాల్వు తిప్పుతుంది. ఆరు లైట్లు కావాలి. మా ఎలక్ట్రీషియన్ "తొట్టి పక్కనే బోరు ప్యానెల్ ఉంది కదా, దాంట్లోంచే లాగేద్దాం" అంటున్నాడు. తమ్ముడేమో సోలార్ అంటున్నాడు. ఇంటి నుంచి లాగాలంటే ఏ వైరు, ఎంత లోతు? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రసాద్ వైరింగ్
బోరు ప్యానెల్ మాట ముందు మర్చిపోండి. త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారుకి న్యూట్రల్ అక్కర్లేదు, చాలా స్టార్టర్లలోకి వచ్చేవి మూడు ఫేజులే. అక్కడ లైటు వెలిగించాలని ఒక ఫేజు తీసుకుని, రెండో కొసని బోరు కేసింగ్ పైపుకో ఎర్తు రాడ్డుకో కట్టేస్తారు. పల్లెల్లో ఇది చాలా చోట్ల చూస్తాం. లైటు వెలుగుతుంది, కానీ ఆ కరెంటంతా కేసింగ్ గుండా భూమిలోకి పోతుంది. ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్తు బలహీనపడితే ఆ పైపు, దానికి తగిలి ఉన్న స్టార్టర్ డబ్బా షాక్ కొట్టడం మొదలవుతుంది. కాళ్లు కడుక్కోవడానికి తడికాళ్లతో వచ్చినవాళ్ల ప్రాణం పోతుంది. దానికి ఆర్సీసీబీ (కరెంటు భూమిలోకి కారితే లైను కట్ చేసే స్విచ్) పెడదామన్నా ఆన్ చేయగానే పడిపోతుంది, ఎందుకంటే వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావడం లేదు. పైగా అది ఐపీ సెట్ (సాగు పంపు) కనెక్షన్ అయితే తోట లైట్లకు వాడటమే తప్పు.

ఇంటి బోర్డు నుంచి విడిగా లైను తీయండి. 6 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్సీసీబీ, మూడు కోర్ల 2.5 స్క్వేర్ ఎంఎం రాగి ఆర్మర్డ్ (ఇనుప తీగల కవచం ఉన్న) కేబుల్. కేబుళ్లకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం లోతు 75 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. కింద ఇసుక, కేబుల్, మళ్లీ ఇసుక, పైన ఇటుకలు, వాటిమీద హెచ్చరిక టేపు. ఆర్మర్‌ని, కేబుల్ కొసని డబ్బాకి బిగించే ఇత్తడి గ్లాండ్‌తో పట్టి బోర్డు దగ్గర తప్పనిసరిగా ఎర్తు చేయాలి. గ్లాండ్ లేకుండా వదిలేస్తే, లోపల ఇన్సులేషన్ చెడినరోజు ఆ ఇనుప తీగలే ఫేజు అవుతాయి.

శేషు తోట
బోరు ప్యానెల్ గురించి ప్రసాద్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మిగతాదే అనవసరం. ఆరు లైట్లకు తోటంతా 230 వోల్టులు పూడ్చాలా? ఇంట్లోనే 24 వోల్టుల 60 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (230 ఏసీని 24 డీసీగా మార్చే డబ్బా) పెట్టి, బయటికి 24 వోల్టుల డీసీ పంపండి. ఎవరైనా తడిచేత్తో ముట్టుకున్నా ప్రాణం పోదు.

ప్రసాద్ వైరింగ్
60 మీటర్లకి డీసీ వోల్టేజా! లెక్క వేయండి. 2.5 స్క్వేర్ ఎంఎం రాగికి కిలోమీటరుకి 7.41 ఓములు. రానుపోను 120 మీటర్లు, 0.89 ఓము. 60 వాట్లు 12 వోల్టుల్లో అంటే 5 ఆంప్స్, దాదాపు నాలుగున్నర వోల్టులు దారిలోనే పోతాయి. చివర ఏడున్నర వోల్టులు మిగులుతాయి. మిణుగురుకి ఎక్కువ, లైటుకి తక్కువ.

శేషు తోట
12 అని ఎవరన్నారు సార్? 24 అన్నాను. 60 వాట్లు ఎస్‌ఎంపీఎస్ సైజు, లోడు కాదు. లైటుకి 5 వాట్ల చొప్పున ఆరింటికి 30 వాట్లు, 1.25 ఆంప్స్. అదే 0.89 ఓముతో గుణిస్తే 1.1 వోల్టు, ఐదు శాతం లోపే. 24 వోల్టుల లైట్లకు అది లెక్కలోకి రాదు.

సోలార్ సీను
ఇదంతా ఎందుకు బ్రదర్, 200 వాట్ల సోలార్ ఫ్లడ్ లైటు ఒకటి స్తంభానికి బిగించేస్తే అయిపోయె. తవ్వకం లేదు, బిల్లు లేదు.

ప్రసాద్ వైరింగ్
ఆ 200 డబ్బా మీది అంకె. ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడండి, చాలావాటికి 10, 15 వాట్లే ఉంటుంది. 10 వాట్ల ప్యానెల్, మబ్బుల కాలంలో రోజుకి నాలుగు గంటల గట్టి ఎండకి సమానం దొరికితే 40 వాట్-అవర్. నష్టాలు పోను 30 మిగిలితే గొప్ప. రాత్రి పది గంటలు వెలగాలంటే 3 వాట్ల లైటు, సుమారు 300 ల్యూమెన్లు. జులై, ఆగస్టుల్లో వారం పాటు మబ్బు పట్టిందంటే ఐదింటికి, సరిగ్గా వాళ్లమ్మ గారు వెళ్లే వేళకి, బ్యాటరీ ఖాళీ. సపోటా కొమ్మ నీడ ప్యానెల్‌లో ఓ మూల పడినా చాలు, ఉత్పత్తి బాగా పడిపోతుంది.

సోలార్ సీను
మనిషి కదిలినప్పుడే పూర్తిగా వెలిగే సెన్సర్ మోడ్‌లో పెడితే తెల్లారేదాకా వస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఉన్నది తీసుకోండి, ప్యానెల్ విడిగా వైరుతో వచ్చేది అయితే తొట్టి షెడ్డు మీద ఎండలో పెట్టొచ్చు.

బన్నేరుఘట్ట కిరణ్
ఏ లైటైనా 3000 కెల్విన్ లోపు, పసుపు వెలుగుది కొనండి. 6500 తెల్లది పెడితే పురుగులు ముసురుతాయి, వాటికోసం కప్పలు, కప్పలకోసం పాములు.

ప్రసాద్ వైరింగ్
శేషు గారు ఒక విషయం దాటేస్తున్నారు. డీసీ జాయింటుకి తడి తగిలితే ప్లస్ వైపు రాగి తినేస్తుంది, పచ్చగా పొడి కట్టి కొన్నాళ్లకు తెగిపోతుంది. ఏసీలో అంత తొందరగా జరగదు. తోటలో ఆరు లైట్లంటే ఆరు చోట్ల జాయింట్లు. ఒక్కో వానాకాలానికి ఒక్కో లైటు ఆరిపోతుంది.

శేషు తోట
జాయింట్లు మీ లైనులోనూ ఉంటాయి. తడి చేరితే మీది ఆర్సీసీబీ పడిపోయి ఆరూ ఒకేసారి ఆరతాయి. వర్షం పడ్డ ప్రతిసారీ పడిపోతోందని మేస్త్రి వచ్చి ఆర్సీసీబీనే బైపాస్ చేసి పోతాడు. ఇది జరగదని మీరు చెప్పగలరా?

ప్రసాద్ వైరింగ్
పని తెలియనివాడిని పిలిచి పని మీద నింద వేయకండి. ఐపీ 68 (నీళ్లు చొరబడని) జెల్ బాక్సులు వాడి, గ్లాండ్లు బిగిస్తే తడి చేరదు. ఇలా భయపెట్టి జనాన్ని బొమ్మ లైట్లవైపు తోయడం నాకు నచ్చదు.

శేషు తోట
భయపెట్టడం కాదు. మా లేఅవుట్‌లో కాంట్రాక్టరు బిల్లులో రెండున్నర అడుగులు అని రాసి, అడుగు లోతులో పూడ్చి పోయాడు. ఇటుకా లేదు, టేపూ లేదు. ఇక్కడి ఎర్రమట్టి ఏప్రిల్‌లో రాయిలా ఉంటుంది, కూలీలు అడుగు తవ్వి ఆపేస్తారు, దగ్గర నిలబడి చూసేవాళ్లు ఉండరు. ఐదేళ్ల తర్వాత కొత్త తోటమాలి కొబ్బరిపిల్లకి గుంత తీస్తూ గడ్డపార దించుతాడు. కేబుల్ ఎక్కడుందో అతనికి తెలియదు, ఇంట్లోవాళ్లకీ గుర్తుండదు. ఆ రోజు అతని ప్రాణం ఆర్సీసీబీ మీద ఆధారపడి ఉంటుంది. దాని టెస్ట్ బటన్ నెలనెలా నొక్కేవాళ్లని ఎంతమందిని చూశారు మీరు?

ప్రసాద్ వైరింగ్
అదీ మీ అసలు మాట. వోల్టేజ్ లెక్క కాదు, మనుషుల మీద నమ్మకం లేకపోవడం. నా మాటా చెప్తాను. లైటు వెలగకపోవడం కూడా ప్రమాదమే. పెద్దావిడ చీకట్లో తొట్టి గట్టు తట్టుకుని పడితే 24 వోల్టులు కాపాడవు. స్విచ్ వేస్తే ఏళ్ల తరబడి వెలగాలి, నాకు కావాల్సింది అది.

శేషు తోట
వెలగాలి, నిజమే. కానీ ఎవరో జాగ్రత్తగా ఉంటేనే ప్రాణం నిలిచే ఏర్పాటు తోటలో వద్దంటాను. గడ్డపార దిగితే నా లైటు ఆరుతుంది, అంతే.

యలహంక లక్ష్మి
ఇద్దరూ తొట్టి దగ్గరే ఆగిపోయారు. అమ్మగారు ఇంటి నుంచి 60 మీటర్లు నడిచి వెళ్లాలి కదా, దారంతా చీకటేనా? ఆరు లైట్లూ చివర గుంపుగా ఎందుకు? దారి పొడవునా పది మీటర్లకొకటి, మోకాలి ఎత్తు స్తంభాలు, వెలుగు కిందికి పడేవి పెట్టండి. పైనుంచి ఫ్లడ్ లైటు వేస్తే వెళ్లేటప్పుడు కళ్లలోకి కొడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మన నీడే మన కాళ్ల ముందు పడుతుంది. ఆఖరి స్తంభం మాత్రం వాల్వు పక్కనే ఉండాలి.

శేషు తోట
లక్ష్మి గారి మాటతో డ్రాప్, అంటే దారిలో పోయే వోల్టేజ్, కూడా తగ్గుతుంది. లోడు దారి పొడవునా పంచుకుంటే చివరి లైటు దగ్గర 0.65 వోల్టు మాత్రమే పోతుంది.

హొసకోటె వెంకీ
దారి సంగతి నాకే తట్టలేదు అక్కా. మా తోటలో అరటి కోసం ఏడాదికోసారి తవ్వకాలు ఉంటాయి, కాబట్టి 24 వైపే మొగ్గుతున్నాను. ప్రసాద్ అన్నా, జాయింట్లు ఎలా చేయాలో మీరే చెప్పండి.

ప్రసాద్ వైరింగ్
సరే. నేలలో జాయింటు వద్దు. వైరు ప్రతి స్తంభంలోకి పైకి ఎక్కి, లోపల నేలకి జానెడు ఎత్తున కనెక్ట్ అయి, మళ్లీ కిందికి దిగి ముందుకు పోవాలి. టిన్ పూత ఉన్న స్లీవుతో క్రింప్ (నొక్కి బిగించడం), పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకునే గొట్టం). వట్టి ఇన్సులేషన్ టేపు ఒక్క వానకే ఊడుతుంది. ఎస్‌ఎంపీఎస్ ఐసోలేటెడ్‌దే (లోపల 230 వైపుకీ 24 వైపుకీ నేరుగా తీగ కలవనిది) కొనండి, అది లేకపోతే 24కి అర్థం లేదు. బయటికి వెళ్లే ప్లస్‌లో 3 ఆంప్స్ ఫ్యూజు. లైట్ల డబ్బా మీద 24 వోల్ట్ డీసీ అని ఉండాలి, బెంగళూరు బీవీకే అయ్యంగార్ రోడ్డు కొట్లలో 12 వోల్టులవి కూడా అదే ఆకారంలో ఇస్తారు. ఎస్‌ఎంపీఎస్‌ని ఇన్వర్టర్ లైను మీద పెట్టండి, పోయేది 30 వాట్లే.

కానీ కాలువ ఎలాగూ తవ్వుతున్నారు. రెండున్నర అడుగులూ తవ్వి, అడుగున ఒక ఖాళీ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేయండి. రేపు తొట్టి దగ్గర ప్రెషర్ పంపుకి ప్లగ్గు కావాలంటే మీ 24 వోల్టులు పనికిరావు.

శేషు తోట
ఖాళీ పైపుకి నేనూ ఒప్పుకుంటాను. 24 వోల్టుల వైరు దాంట్లో వేయకండి, దానికి విడి పైపు అడుగున్నర లోతులో. ఖాళీ దాంట్లో నైలాన్ తాడు వదిలి రెండు కొసలకీ మూత బిగించండి, లేకపోతే చెదలు మట్టి కట్టేస్తాయి.

ప్రసాద్ వైరింగ్
కాలువ లోతు మీరే టేపు పట్టి కొలవండి వెంకీ గారు. పూడ్చకముందు ఇంటి గోడ నుంచి, తొట్టి నుంచి కొలతలు రాసి బోర్డు తలుపు లోపల అంటించండి. 24 అయినా ఇది మానొద్దు.