ప్రోటీన్ ఎస్ తగ్గుదలను ఎలా అర్థం చేసుకోవాలి?

రక్తం గడ్డకట్టించే త్రాంబిన్, రక్తనాళపు లోపలి పొర మీది త్రాంబోమాడ్యులిన్‌కు అతుక్కోగానే తీరు మార్చుకుని గడ్డకట్టడాన్ని అదుపుచేసే ప్రోటీన్ సిని క్రియాశీలం చేస్తుందనీ, ఆ ప్రోటీన్ సి తన సహాయకమైన ప్రోటీన్ ఎస్ తోడుతో, గడ్డకట్టడానికి తోడ్పడే 5ఎ, 8ఎ కారకాలను ఛేదించి త్రాంబిన్ ఉత్పత్తికే అడ్డుకట్ట వేస్తుందనీ చదివాను. దొంగ చేతికే తాళాలిచ్చినట్టున్న ఈ ఏర్పాటు నిజంగా అబ్బురమే.

నా సందేహం ప్రోటీన్ ఎస్ గురించి. రక్తంలో ఉండే దానిలో సుమారు 60 శాతం మరో రక్త ప్రోటీన్ అయిన సి4బి బంధక ప్రోటీన్‌తో జతకట్టి ఉంటుందనీ, ప్రోటీన్ సికి ప్రధానంగా తోడ్పడేది మిగిలిన స్వేచ్ఛా భాగమేననీ అంటారు. గర్భధారణలోనూ, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడేటప్పుడూ ఈ భాగం తగ్గుతుంది కదా. ఆ సమయంలో పరీక్షలో తక్కువ విలువ వస్తే, అది పుట్టుకతో వచ్చిన లోపమో తాత్కాలికమైన తగ్గుదలో ఎలా తేలుస్తారు? (విటమిన్ కె పనిని అడ్డుకునే వార్ఫరిన్ మందు వాడేవారి సంగతి వేరు, ప్రోటీన్ ఎస్ విటమిన్ కె మీద ఆధారపడే ప్రోటీన్ కాబట్టి.) ప్రసవానంతరం మళ్ళీ పరీక్షిస్తే సరిపోతుందా, జన్యు పరీక్ష కూడా అవసరమా? ల్యాబ్ అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.