స్ట్రంబుల్ హెడ్‌లో పోర్పాయిస్‌లు: ఆటుపోట్ల ఏ దశలో చూడాలి?

వేల్స్‌లో పెంబ్రోక్‌షైర్ తీరాన స్ట్రంబుల్ హెడ్ దగ్గర హార్బర్ పోర్పాయిస్‌లు (డాల్ఫిన్‌లను పోలిన చిన్న సముద్ర క్షీరదాలు) ఒడ్డు నుంచే కనిపిస్తాయి. సెప్టెంబరులో మూడుసార్లు వెళ్లినా నాకు ఒక్క రెక్క కూడా కనబడలేదు.

యుద్ధకాలం నాటి పాత కట్టడంలో కూర్చుని, 8×42 బైనాక్యులర్స్‌తో ప్రతిసారీ రెండు గంటలు వెతికాను. మొదటి రోజు గాలి ఎక్కువ, అలల మీద తెల్లటి నురగ. అంత చిన్న రెక్క అందులో దొరకదు కాబట్టి ఆ రోజును లెక్కలోంచి తీసేయండి. మిగతా రెండు రోజులూ సముద్రం నూనె పోసినంత నున్నగా ఉంది. ఒకసారి దగ్గరి ఫిష్‌గార్డ్ రేవులో నిండు పోటుకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు చూశాను, ఇంకోసారి ఆటు పూర్తిగా తీశాక. ఆటుపోట్ల పట్టికలో సమయాలు జీఎంటీలో (గ్రీనిచ్ కాలమానంలో) ఉన్నాయి, వేసవి సమయం కోసం గంట కలిపాను కూడా. గానెట్లు అనే సముద్రపక్షులు మునకలేసే చోటల్లా చూశాను. సీళ్లు మాత్రం బోలెడు!

పోర్పాయిస్‌లు నీరు ఉరవడిగా సుడి తిరిగే చోట వేటాడతాయి. నేను రెండుసార్లూ నీరు మందగించిన వేళే వెళ్లానేమో అని అనుమానం. అక్టోబరులో ఒక్క రోజే వీలవుతుంది.

నిండు పోటు తర్వాత ఎన్నో గంటలో, లైట్‌హౌస్‌కు ఏ వైపు చూడాలి?