స్కిజోఫ్రీనియా ఉన్నవారికి గోధుమలు, పాలు మాన్పించాలా?

తిరుచానూరు:
మా తమ్ముడు నాలుగేళ్లుగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. చెవిలో మాటలు వినబడడం తగ్గింది గానీ, ఎవరితోనూ పలకకుండా గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం తగ్గలేదు. గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తులే ఈ జబ్బుకు మూలమనీ, అవి మానేస్తే మాత్రలే అక్కర్లేదనీ మా బంధువొకాయన గట్టిగా చెబుతున్నారు. మేము శాకాహారులం, అమ్మ ఇప్పటికే పాలు, పెరుగు ఆపేసింది. ఇది సరైన పనేనా?

పలమనేరు:
మీ బంధువు మాటను కొట్టిపారేయకండి. అమెరికా వైద్యుడు కర్టిస్ డోహన్ 1966లో ప్రచురించిన వ్యాసంలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో గోధుమ వాడకం తగ్గిన ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రుల్లో చేరేవారి సంఖ్య కూడా తగ్గిందని చూపించారు. ధాన్యాలు, పాలు లేని భోజనం పెడుతూ మందులు ఇస్తున్న రోగులకు మధ్యలో గ్లూటెన్ కలిపి పెట్టగా వారి మెరుగుదల ఆగిపోయిందని 1976లో సింగ్, కే అనే పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఈ మాంసకృత్తులు జీర్ణమయ్యేటప్పుడు ఏర్పడే కొన్ని తునకలకు నల్లమందు లక్షణముందని 1979లో ప్రయోగశాలలో తేలింది. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిన్న మా తాతల కాలంలో ఈ జబ్బు పేరే వినలేదు.

పుత్తూరు:
పేరు వినకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరండీ. ఆ రోజుల్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఇంట్లోనే ఉంచేవారు. యుద్ధకాలపు లెక్కలకూ ఇదే చిక్కు: ఆసుపత్రిలో చేరేవారు తగ్గడానికి యుద్ధమే నూరు కారణాలు కల్పిస్తుంది. 1981లో ఎనిమిది మంది రోగులకు గ్లూటెన్ ఇచ్చి చూసినప్పుడు ఎవరి స్థితీ దిగజారలేదు.

అయినా ఈ విషయంలో తోసిపుచ్చలేనిది ఒకటుంది. స్కిజోఫ్రీనియా రోగుల్లో కొందరి రక్తంలో, అంటే అందరిలో కాదు, గ్లూటెన్‌లో భాగమైన గ్లయాడిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికాలో అలాంటి పదహారు మందిని ఐదు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, అందరికీ గ్లూటెన్ లేని భోజనం పెట్టి, రోజువారీ పానీయంలో కొందరికి గ్లూటెన్ పిండి, మిగతావారికి బియ్యప్పిండి కలిపి ఇచ్చారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం బియ్యప్పిండి తాగినవారిలో ముభావం, నిరాసక్తత వంటి లక్షణాలు తగ్గాయి. భ్రమలు, లేని మాటలు వినబడడం మాత్రం తగ్గలేదు. వారెవరూ మందులు మానలేదన్నది మీ బంధువుగారికి తప్పక చెప్పండి.

తిండికీ మనసుకూ సంబంధమే లేదని నేనెన్నడూ అనను. దక్కనులో జొన్న మీదే బతికే పేదలకు పెల్లాగ్రా అనే పోషకలోప జబ్బు వచ్చి, చర్మం నల్లబడి పొరలు రాలడంతోపాటు మనసూ కుంగేది. జొన్న మాంసకృత్తులో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండడమే దానికి మూలమని పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో వాదించారు. ఆ వాదంపై తర్వాత వివాదం నడిచినా, నయాసిన్ విటమిన్ ఇస్తే రోగులు కోలుకునేవారన్నది నిజం. అక్కడ లోపమేమిటో తెలుసు, పూడ్చితే మనిషి లేచేవాడు. పాలు మాన్పించడానికి అంతటి ఆధారం ఎక్కడుంది? శాకాహారుల ఇంట్లో బి12 అందేది ముఖ్యంగా పాలు, పెరుగు నుంచే. అది లోపిస్తే మతిమరుపు, దిగులు, ఒక్కోసారి భ్రమలు కూడా కలుగుతాయి. ఉన్న జబ్బుకు మీరే మరో జబ్బును తోడు చేస్తారేమోనని నా భయం.

పలమనేరు:
పాల సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ గోధుమ మానడానికి మన వైపు ఖర్చేముంది? రాగులు, బియ్యం ఉన్నాయి కదా.

పుత్తూరు:
మానవచ్చు, కానీ ముందు రక్తపరీక్ష చేయించాలి. గోధుమ మానేస్తే యాంటీబాడీలు క్రమంగా తగ్గిపోయి, గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు. పైగా చపాతీ ఒక్కటే మానితే చాలదు. ఉప్మా రవ్వ, సేమ్యా, మైదా గోధుమవే, ఇంగువ పొడిలోనూ తరచు గోధుమపిండి కలుపుతారు.

తిరుచానూరు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రి నుంచే తమ్ముడికి పెరుగన్నం పెడతాము, మాత్రలు ఆపము. చపాతీలు కూడా ఇప్పుడే మాన్పించకుండా, ముందు ఈ రక్తపరీక్షల గురించి, బి12 గురించి వైద్యుణ్ణి అడుగుతాను. వాడు నోరు విప్పి మాట్లాడితే చాలని ఎదురుచూస్తున్నవాళ్లం.