అప్‌డేట్: నాన్న షష్టిపూర్తి భోజనాలు

మే ఎండల్లో గుంటూరులో 300 మందికి నాన్న షష్టిపూర్తి భోజనాలు ఎలా పెట్టాలని నెల క్రితం అడిగాను. 1965లో, విశ్వావసు నామ సంవత్సరంలో పుట్టిన నాన్నకు మళ్ళీ అదే విశ్వావసులో, మొన్న ఆదివారం వేడుక జరిగింది.

బఫే వద్దు, బంతులు వేయమన్న సలహానే పాటించాం. బంతికి 100 మంది. పెద్దవాళ్ళకు పదకొండున్నరకే మొదటి బంతి. అదే మమ్మల్ని కాపాడింది. రెండో బంతిలో కరెంటు పోయి, జనరేటరు అరగంట మొరాయించింది. ముందే తెచ్చిపెట్టిన తాటాకు విసనకర్రలు పిల్లలు పరుగున పంచారు. ముద్దపప్పు, ఆవకాయ విస్తట్లో ఉండగా ఒక్కరూ లేవలేదు!

పెరుగు మాత్రం చివరి బంతికి పులిసింది, విడతలుగా తెప్పించాల్సింది.

ఆఖరున నాన్నే నేతి గిన్నె పట్టుకుని వంటవాళ్ళకు కొసరి కొసరి వడ్డించారు. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.