డెల్ఫీ 7 బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఫోన్ యాప్ కావాలి: 30 రోజుల ట్రయల్లో ఏం పరీక్షించాలి?

రాణిగంజ్_డెవ్
మాది మెడికల్ హోల్‌సేల్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. డెల్ఫీ 7 అనే పాత ప్రోగ్రామింగ్ టూల్‌తో రాసింది. డేటా పారడాక్స్ టేబుళ్లలో, వాటికి కలిపేది బీడీఈ. డెవలపర్లం నలుగురం. కోఠి, రాణిగంజ్ కస్టమర్లు సేల్స్‌మన్ ఫోన్లోనే ఆర్డర్ కొట్టాలంటున్నారు, ఓనర్‌కి బ్రౌజర్లో స్టాక్ కనపడాలంటున్నారు. రెండు దారులు చూస్తున్నాం: పాత కోడ్ కలిసొస్తుందని కొత్త ర్యాడ్ స్టూడియో (ఇప్పటి డెల్ఫీ ఉండే సూట్), లేదంటే మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియోతో సర్వర్, ఫోన్ యాప్‌లు కట్టే గూగుల్ టూల్ ఫ్లట్టర్‌తో యాప్. డెమోల్లో అన్నీ బాగానే ఉంటాయి. దేన్ని పట్టుకుని తేల్చుకోవాలి?

పాతకోడ్_డాక్టర్
అన్నా, ర్యాడ్ స్టూడియో ట్రయల్ ఇప్పుడే యాక్టివేట్ చేయకండి. ముందు మీ కోడ్ చూసుకోండి.

సోర్స్ లేని థర్డ్ పార్టీ కాంపోనెంట్లు ఎన్నున్నాయో రాసుకోండి. డీసీయూ ఫైలు (సోర్స్ బదులు ఇచ్చే కంపైల్ చేసిన ఫైలు) ఏ కంపైలర్ వెర్షన్‌దైతే దానికే పనికొస్తుంది. సోర్స్ లేని గ్రిడ్ ఒక్కటున్నా అది వాడిన ఫారాలన్నీ మళ్లీ కట్టాల్సిందే.

డెల్ఫీ 2009 నుంచి స్ట్రింగ్ యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే కోడ్ పద్ధతి) అయింది, క్యారెక్టర్‌కి రెండు బైట్లు. తంటా ఏంటంటే కంపైలర్ చాలాచోట్ల ఎర్రర్ ఇవ్వదు. మెమరీ కాపీ చేసే మూవ్ కమాండ్‌కి స్ట్రింగ్ పొడవు నేరుగా ఇచ్చిన చోట సగం డేటానే కాపీ అవుతుంది. ప్రింటర్ పోర్టుకి బైట్లు పంపే కోడ్ ముందు వెతకండి. అక్కడ బైట్ల లెక్కన నడిచే యాన్సీస్ట్రింగ్ గానీ టీబైట్స్ గానీ పెట్టాలి.

పార్టీల (కస్టమర్ల) పేర్లు పాత అను ఫాంట్లలో దాచారా? అలాగైతే అది యూనికోడ్ తెలుగు కాదు. ఏ టూల్ కొన్నా ఫోన్లో పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఆ మార్పిడి వేరే పని.

బీడీఈ కాంపోనెంట్ల పేర్లని ఫైర్‌డాక్ (కొత్త డెల్ఫీలో డేటాబేస్‌కి కలిపే లైబ్రరీ) పేర్లుగా మార్చడానికి రీఫైండ్ అనే టూల్ ఉంది. కానీ ఫైర్‌డాక్‌కి పారడాక్స్ సొంత డ్రైవర్ లేదు, కాబట్టి డేటాని ఫైర్‌బర్డ్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ సర్వర్‌కి తరలించాల్సిందే. ఇంకోటి: డెల్ఫీ ప్రొఫెషనల్ ఎడిషన్లో ఫైర్‌డాక్ అదే మెషీన్లో ఉన్న డేటాబేస్‌కే. సర్వర్‌కి కలపాలంటే ఎంటర్‌ప్రైజ్ కొనాలి. ట్రయల్లో అన్నీ పనిచేశాయని మురిసిపోకుండా, అది ఏ ఎడిషనో చూసుకుని కొటేషన్ అడగండి.

మీ ఇప్పటి వీసీఎల్ (విండోస్ స్క్రీన్ల లైబ్రరీ) ఫారాలు ఆండ్రాయిడ్లో నడవవు, ఫోన్లకీ పనికొచ్చే ఫైర్‌మంకీలో స్క్రీన్లు కొత్తగా గీయాలి. కలిసొచ్చేవి జీఎస్టీ, స్కీమ్, బ్యాచ్ లెక్కలు విడిగా రాసిన యూనిట్లే (కోడ్ ఫైళ్లే). అవీ బటన్ క్లిక్‌ల లోపలే రాసి ఉంటే ఇక కలిసొచ్చేదేం లేదు.

కూకట్‌పల్లి_బిల్డ్స్
పరీక్షకి ఒక్క బిల్లు చాలు, మొదలు నుంచి చివరి దాకా. నెట్ ఆపేసిన ఫోన్లో ఆర్డర్ కొట్టండి, నెట్ వచ్చాక సింక్ అవ్వాలి, సర్వర్లో స్టాక్ తగ్గాలి, బిల్లు ప్రింట్ అవ్వాలి. రెండు దారుల్లోనూ ఇదే బిల్లు.

పార్టీ పేరు "శ్రీలక్ష్మీ మెడికల్స్" అని పెట్టండి. స్క్రీన్ మీద బాగానే వస్తుంది, అసలు సంగతి పీడీఎఫ్‌లో బయటపడుతుంది. షేపింగ్ (వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చడం) చేయని లైబ్రరీ అయితే "క్ష్మీ"లో వత్తులు కిందికి దిగవు, పొల్లులతో విడివిడిగా పడతాయి. థర్మల్ ప్రింటర్లలో మామూలుగా తెలుగు ఉండదు, ఆ లైన్‌ని బొమ్మగా మార్చి పంపాలి. 203 డీపీఐలో (అంగుళానికి 203 చుక్కలు) 80 ఎంఎం ప్రింటర్‌కి వెడల్పు 576 చుక్కలు, 58 ఎంఎంకి 384. చవక బ్లూటూత్ ప్రింటర్‌కి మొత్తం ఒకేసారి పంపితే బఫర్ నిండి మధ్యలో చెత్త అచ్చవుతుంది, ముక్కలుగా పంపండి.

సింక్‌లో, సర్వర్ జవాబు వచ్చేలోపు నెట్ పోయేలా చేసి చూడండి. యాప్ అదే ఆర్డర్ మళ్లీ పంపుతుంది, రెండు బిల్లులు పడతాయి. ఆర్డర్‌కి యూయూఐడీ (మళ్లీ రాని గుర్తింపు నంబరు) ఫోన్లోనే పుట్టించి, సర్వర్లో దాని మీద యూనిక్ కీ పెట్టండి, అదే నంబరు రెండోసారి వస్తే తీసుకోదు.

విండోస్ యూజర్ పేరు తెలుగులో ఉంటే ఆండ్రాయిడ్ బిల్డ్ మొరాయించొచ్చు. ప్రాజెక్టు ఇంగ్లిష్ అక్షరాల ఫోల్డర్లో పెట్టండి.

రాణిగంజ్_డెవ్
థాంక్స్ అండి. ఉచిత కమ్యూనిటీ ఎడిషన్లతో నెట్టుకురావచ్చా? ఐఫోన్ ఒకరిద్దరు ఓనర్ల దగ్గరే ఉంది.

లైసెన్స్_లెక్క
డెల్ఫీ కమ్యూనిటీ, ఏటా ఆదాయం 5,000 డాలర్లు దాటని కంపెనీలకే. మీకు కుదరదు. విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఐదుగురి దాకా వాడొచ్చు. కంపెనీకి 250 కంప్యూటర్లు గానీ, పది లక్షల డాలర్ల వార్షికాదాయం గానీ దాటితే ఒక్కరికీ కుదరదు. ఐఫోన్‌ యాప్‌కి ఏ సూట్ కొన్నా ఎక్స్‌కోడ్ (ఆపిల్ డెవలప్‌మెంట్ టూల్) ఉన్న మ్యాక్ కావాలి, ఆపిల్ డెవలపర్ ఖాతాకి ఏటా 99 డాలర్లు అదనం. ఇద్దరు ఓనర్ల కోసం ఇంత అవసరమా? బ్రౌజర్ పేజీ ఇచ్చేయండి.

పాతకోడ్_డాక్టర్
నన్నడిగితే ముందు డేటాని ఫైర్‌బర్డ్‌కి మార్చండి. డెల్ఫీ 7లోని ఏడీఓ అనే డేటాబేస్ కాంపోనెంట్లతో, ఓడీబీసీ డ్రైవర్ ద్వారా కలపొచ్చు, కాకపోతే 32 బిట్ డ్రైవరే వేయాలి. టీటేబుల్ (బీడీఈ టేబుల్ కాంపోనెంట్) రికార్డు లాకుల మీద నడిచే కోడ్ మారుతుంది. షాపులో బిల్లింగ్ ఆగదు, పక్కన సర్వర్, యాప్ కట్టుకోవచ్చు.

కూకట్‌పల్లి_బిల్డ్స్
డేటా మాట నిజమే. కానీ నలుగురికి డెల్ఫీ, సర్వర్‌కి సీ షార్ప్, ఫ్లట్టర్‌కి డార్ట్, మూడు భాషలు ఎక్కువండి. సర్వర్ సీ షార్ప్ అయితే యాప్‌కి డాట్‌నెట్ మావీ (సీ షార్ప్‌తోనే ఫోన్ యాప్ కట్టే టూల్) కూడా అదే బిల్లుతో పరీక్షించండి. దానికి ముందున్న జామరిన్ పాత నోట్స్ జోలికి వెళ్లకండి, దానికి మద్దతు 2024 మే 1న ఆగిపోయింది. ఇంతకీ బ్యాచ్, ఎక్స్‌పైరీ లెక్కలు మీ కోడ్‌లో యూనిట్లలో ఉన్నాయా, ఫారాల్లోనా?