హీటర్: బండి కదిలితే వేడి, ఆగితే చల్లగాలి

పాతబండి: బండి పరుగెత్తినంతసేపు హీటర్ బాగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగాలి. లోపల అద్దాలకు ఆవిరి పట్టేస్తోంది. బ్లోయర్ కూడా చివరి స్పీడులో తప్ప తిరగట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రీజుచేతులు: బ్లోయర్ సంగతి రెసిస్టర్, అంటే ఫ్యాన్ స్పీడు తగ్గించే భాగం. కింది స్పీడులన్నీ దాని గుండానే వస్తాయి, చివరిదానికి దానితో పనిలేదు. మార్చేయండి.

రాత్రిడ్రైవర్: ఆవిరికైతే హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి. చిటికెలో పోతుంది.

డీజిల్‌రాజా: చలికాలంలో ఏసీనా! ఒకటి చల్లబరచడం, ఇంకోటి వేడిచేయడం. డీజిల్ దండగ.

రాత్రిడ్రైవర్: గాలి ముందు ఎవాపరేటర్ (ఏసీలో చల్లబడే భాగం) మీదుగా పోతుంది సార్. తేమ అక్కడే నీరై కారిపోతుంది. ఆ పొడిగాలి హీటర్ కోర్ (ఇంజిన్ వేడినీళ్లు తిరిగే చిన్న రేడియేటర్) దగ్గర వేడెక్కి అద్దానికి తగులుతుంది. చాలా కార్లలో డీఫ్రాస్ట్ నొక్కితే ఏసీ దానంతటదే ఆన్ అవుతుంది, చూడలేదా?

డీజిల్‌రాజా: గడ్డకట్టే చలిలో కంప్రెసరే తిరగదు, అప్పుడేం చేస్తారు? కిటికీ వేలెడు దించితే చాలు. మీరు పుట్టకముందు నుంచీ నడుపుతున్నా.

రాత్రిడ్రైవర్: వానలో కూడా దించుతారా?

అడ్మిన్: వయసుల గొడవ ఇక్కడొద్దు.

వెనకసీటు: ఇద్దరూ కాస్త ఆగండి. రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పే బటన్) ఆన్‌లో ఉందేమో ఎవరైనా అడిగారా? నలుగురి ఊపిరిలోని తేమ లోపలే తిరుగుతుంటే అద్దం ఎందుకు మసకబారదు? మా ఇంట్లో ఈ బటన్ గురించి రోజూ యుద్ధమే.

గ్రీజుచేతులు: ఈ పంచాయితీలో అసలుది వదిలేశారు. డ్యాష్‌బోర్డులు మొత్తం విప్పి హీటర్ కోర్లు మార్చిన చేతులివి, వినండి. ఆగినప్పుడు చల్లగాలి అంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గి ఉండాలి, లేదా లైన్లో గాలి చిక్కుకుని ఉండాలి. ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, వేడినీళ్లు కోర్ దాకా సరిగా రావు. థర్మోస్టాట్ (రేడియేటర్‌కి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని ఉండిపోతే తీరే వేరు, హైవే మీద కూడా గోరువెచ్చగానే వస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. తీపి వాసన, అద్దం మీద జిడ్డు పొర, కార్పెట్ తడి... ఇవి ఉంటే కోర్ కారుతున్నట్టే.

పాతబండి: జిడ్డు ఉంది. వాసన మాత్రం తీపి కాదు, తడిగుడ్డ వాసన.

వెనకసీటు: తడిగుడ్డ వాసనంటే క్యాబిన్ ఫిల్టర్! మాదాంట్లో ఎండుటాకులు గుప్పెడు వచ్చాయి.

ఛార్జింగ్‌లో: మీకేం, ఇంజిన్ వేడి ఉచితం. నా ఎలక్ట్రిక్ కారులో హీటర్ వేస్తే రేంజ్ కళ్లముందే పడిపోతుంది. సీటు హీటర్‌తోనే నెట్టుకొస్తున్నా.

డీజిల్‌రాజా: అందుకే డీజిల్ అన్నది.

రాత్రిడ్రైవర్: మీదాంట్లో హీట్ పంప్ (బయటి గాలిలోంచి వేడి లాగేది) ఉందా, కరెంటుతో కాలే ఉత్త కాయిలేనా? కొత్త చర్చ పెట్టండి, అక్కడికొస్తా.